సీలింగ్ మూసేస్తే కనపడదంటున్నారు, సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: నమస్కారం సార్. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి రెండేళ్లయింది. కాకినాడలో కడుతున్న ఒక ఆసుపత్రి భవనంలో సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. సెల్లార్, దానిమీద ఐదు అంతస్తులు. సెల్లార్‌లోని ప్యానెల్ రూం నుంచి షాఫ్ట్‌లో (అంతస్తులన్నిటిలోంచి నిలువుగా వెళ్లే సందు) పైకి, అక్కడి నుంచి కారిడార్ల పొడవునా కేబుల్ ట్రేలు, అంటే కేబుళ్లు పరిచే పొడవాటి రేకు పళ్లేలు వేశారు. పెద్ద ట్రే 600 మి.మీ. వెడల్పు. అందులో 240 చదరపు మి.మీ. అల్యూమినియం ఆర్మర్డ్ కేబుళ్లు ఆరు, చిన్నవి పది దాకా ఉన్నాయి. ట్రేలు పౌడర్ కోటింగ్‌వి. సపోర్టులు రెండున్నర మీటర్లకు ఒకటి పెట్టారు. రెండు మూడు చోట్ల రాడ్లు చాల్లేదని ఏసీ డక్ట్ హ్యాంగర్లకే బైండింగ్ వైరుతో కట్టారు. ఎర్తింగ్ స్ట్రిప్ ఇంకా రాలేదు. స్లాబుల్లో, గోడల్లో కేబుళ్లు వెళ్లే కన్నాలను పీయూ (పాలియురెథేన్) ఫోమ్‌తో నింపేశారు. మెయిన్, జనరేటర్, యూపీఎస్ కేబుళ్లన్నీ ఒకే ట్రేలో వెళ్తున్నాయి. ఫోర్‌మన్ గారికి పాతికేళ్ల అనుభవం. నేను ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. ‘సీలింగ్ మూసేస్తే ఎవరికి కనపడుద్దిరా అబ్బాయ్, సంతకం పెట్టెయ్యి’ అంటున్నారు. వచ్చే సోమవారం నుంచి ఫాల్స్ సీలింగ్ పని మొదలు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. వీటిలో నిజంగా ప్రమాదమైనవి ఏవి, సర్దుకుపోదగ్గవి ఏవి?

సమాధానం: తమ్ముడూ, సంతకం పెట్టకు. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు ఈ రాత్రికైనా పడుకుంటావు. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

నువ్వు రాసిన వాటిలో నాలుగు విషయాలు సీలింగ్ మూసేలోపు సరిచేయించి తీరాలి. సపోర్టులు, ఎర్తింగ్, కన్నాల్లోని ఫోమ్, అన్ని కేబుళ్లూ ఒకే ట్రేలో ఉండటం. పౌడర్ కోటింగ్ ట్రే వాడటం మాత్రం దానంతట అది తప్పు కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మన సైట్లలో చాలామంది ట్రేను కేబుళ్లు పెట్టుకునే అటకలా చూస్తారు. అటక మీద సామాను నిలబడితే చాలు కదా అన్నట్టు. కానీ ట్రే ఒకేసారి మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఏదైనా కేబుల్ తొక్క చిరిగి ఫేజు తగిలితే ఆ కరెంటును ఎర్త్‌కు చేరుస్తుంది. ఇక భవనంలో ఒక గది నుంచి ఇంకో గదికి, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు తెరిచి ఉన్న దారి కూడా అదే. మొదటి రెండు పనులు ట్రే చేయాలి. మూడోది చేయకుండా మనం ఆపాలి. మీ సైట్‌లో ఈ మూడూ గాడి తప్పాయి.

బరువు సంగతి చూద్దాం. 240 చదరపు మి.మీ. మూడున్నర కోర్ (మూడు ఫేజు తీగలు, సుమారు సగం సైజు న్యూట్రల్ తీగ ఉన్న) కేబుల్ మీటరుకు ఎంత బరువుంటుందో మీ కంపెనీ కేటలాగులో చూడు. లెక్క కోసం నాలుగున్నర కిలోలు అనుకుందాం. ఆరు కేబుళ్లకు 27 కిలోలు. చిన్నవన్నీ కలిపి ఎనిమిది, ట్రే సొంత బరువు ఏడు. మొత్తం మీటరుకు 42 కిలోలు. సపోర్టు మీటరున్నరకు ఒకటి ఉంటే ఒక్కో సపోర్టు మీద 63 కిలోలు పడతాయి. రెండున్నర మీటర్లకు ఒకటి అయితే 105 కిలోలు.

‘105 కిలోలేగా, రెండు 10 మి.మీ. రాడ్లు మోయలేవా’ అని బాబాయ్ అడుగుతారు. మోస్తాయి. రాడ్డు తెగదు, ఆ మాటలో ఆయనదే నిజం. తేడా వచ్చేది ట్రే వంగే దగ్గర. రెండు సపోర్టుల మధ్య దూరం పెరిగితే వంపు అదే లెక్కలో పెరగదు. దూరానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. ఒకటిన్నర నుంచి రెండున్నరకు వెళ్తే దూరం పెరిగింది ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, వంపు పెరిగేది ఏడున్నర రెట్లకు పైనే. ఇవాళ వంపు కనపడకపోవచ్చు. రేపు ఆపరేషన్ థియేటర్‌కు ఇంకో రెండు కేబుళ్లు లాగుతారు, సీసీ కెమెరాల వాళ్లు తమ వైర్ల కట్టలు అందులోనే పడేస్తారు. అప్పుడు జాయింట్ల దగ్గర బోల్టులు లాగడం మొదలవుతుంది.

అందరూ మీటరున్నర అంటారని నువ్వూ అదే పట్టుకుని కూర్చోకు. ట్రే తయారు చేసిన కంపెనీ లోడ్ చార్టు ఇస్తుంది. ఏ దూరంలో సపోర్టు పెడితే మీటరుకు ఎన్ని కిలోలు మోస్తుందో అందులో ఉంటుంది. అది అడిగి తెప్పించు. ఆ చార్టు రెండున్నర మీటర్లకు 42 కిలోల బరువును, రేపు పెరిగే బరువును కూడా ఒప్పుకుంటే ఫోర్‌మన్ గారిదే సరి అని ఒప్పేసుకో. పలచటి రేకుతో చేసిన ట్రేలు సాధారణంగా ఒప్పుకోవు.

సపోర్టుల దూరంతో పాటు జాయింటు ఎక్కడ పడిందో కూడా చూడు. రెండు ట్రే ముక్కలు కలిసే కప్లర్ ప్లేటు సరిగ్గా రెండు సపోర్టుల నడుమ పడకూడదు. వంపు ఎక్కువగా ఉండేది అక్కడే. సపోర్టుల మధ్య దూరంలో పావు వంతులోపే, సపోర్టుకు దగ్గరగా జాయింటు ఉండేలా చూసుకోవాలి. బెండు, టీ ఉన్న చోట వాటికి దగ్గర్లో, అంటే 600 మి.మీ.లోపు, అదనంగా ఒక సపోర్టు ఉండాలి. బోల్టు తల లోపలికి, నట్టు బయటికి రావాలి. తిరగేసి బిగిస్తే కేబుల్ లాగేటప్పుడు ఆ మర చివర కేబుల్ తొక్కను చీరేస్తుంది.

ఏసీ డక్ట్ హ్యాంగర్లకు కట్టినవి మాత్రం రేపే విప్పించు. దీని మీద చర్చ వద్దు. ఆ హ్యాంగర్‌ను ఏసీ వాళ్లు తమ డక్ట్ బరువుకు లెక్కేసి పెట్టుకున్నారు, నీ కేబుళ్లకు కాదు. రేపు వాళ్లు డక్ట్ దింపితే నీ ట్రే కూడా దిగుతుంది. ఈ తప్పు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. సోమవారం నుంచి వచ్చే సీలింగ్ వాళ్లు, స్లాబుకు కన్నం కొట్టడం కష్టమని తమ వైర్లను నీ ట్రేకే వేలాడదీస్తారు. వాళ్లు పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే వాళ్ల మేస్త్రీతో ఈ మాట చెప్పు. ట్రే మీద కాలు పెట్టి ఎక్కొద్దని కూడా చెప్పు. ట్రే నడిచే బల్ల కాదు.

యాంకర్ ఫాస్టెనర్లు, అంటే సపోర్టును స్లాబుకో గోడకో పట్టి ఉంచే బోల్టులు, దేనికి కొట్టారో చూసి రా. కాంక్రీటు స్లాబుకో, బీముకో అయితే సరే. కారిడార్ గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కట్టారా? వాటిలో మామూలు ఎక్స్‌పాన్షన్ ఫాస్టెనర్ పట్టు నిలవదు, బిగించేకొద్దీ బ్లాకు లోపల పొడి అయిపోతుంది. అక్కడ ఆ బ్లాకులకని తయారైన ఫాస్టెనర్లు వాడాలి, లేదా గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టు వేయాలి. స్లాబు పోస్ట్ టెన్షన్‌దైతే (లోపల ఉక్కు తీగలు లాగి బిగించినది) కన్నం కొట్టేముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా డ్రిల్లు పట్టొద్దు. లోపల బిగించి ఉన్న తీగ తెగితే అది కరెంటు పని దాటిపోయిన సమస్య.

ఈ సపోర్టుల గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, నా చేతుల మీదుగా ఒకటి జరిగింది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక ఆఫీసు భవనంలో నేనూ నీలాగే కుర్ర సూపర్‌వైజర్ని. ఒక వరస యాంకర్లు సరిగా పట్టలేదని తెలుసు. సీలింగ్ వాళ్లు తొందరపెట్టారు, సంతకం పెట్టాను. కొన్ని నెలలకు ఒక యాంకర్ ఊడింది. దాని బరువు పక్క సపోర్టు మీద పడి అదీ ఊడింది, ఆ తర్వాత దాని పక్కది. ఎనిమిది మీటర్ల ట్రే సీలింగ్ పలకలతో సహా కారిడార్‌లోకి దిగింది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. ఆ రికార్డులో ఉన్నది నా సంతకమే. మీది ఆసుపత్రి తమ్ముడూ, అక్కడ ఆదివారం కూడా స్ట్రెచర్లు తిరుగుతాయి.

షాఫ్ట్‌లో నిలువుగా వెళ్లే కేబుళ్లను కూడా ఇదే కంటితో చూడు. ఐదు అంతస్తులకు 20 మీటర్లనుకుంటే, ఒక్కో పెద్ద కేబుల్ 90 కిలోలు. మధ్యలో క్లాంపులు లేకపోతే ఆ 90 కిలోలూ పైన బెండు దగ్గర వేలాడతాయి. అక్కడ కేబుల్ తొక్క ట్రే అంచుకు ఒరుసుకుని ఏళ్ల తరబడి కోసుకుంటుంది. అందుకే ప్రతి మీటరుకో అటూ ఇటుగానో లోహపు క్లాంపు పెట్టి, బరువును అంతస్తు అంతస్తుకూ పంచాలి. నైలాన్ టై ఈ పనికి రాదు. అడ్డంగా వెళ్లే ట్రేలో కేబుళ్లు ట్రే మీదే కూర్చుంటాయి కాబట్టి అక్కడ నైలాన్ టై వరస కోసం వాడుకోవచ్చు. నిలువుగా ఉన్న చోట, ట్రే కింద వేలాడే చోట వద్దు.

లోహపు క్లాంపే కావాలనడానికి కారణం ఒక్క బరువే కాదు. 2010 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో షర్లీ టవర్స్ అనే ఎత్తైన నివాస భవనంలో మంటలు వచ్చాయి. వేడికి ప్లాస్టిక్ ట్రంకింగ్ కరిగి, అందులోని కేబుళ్లు పైనుంచి జారి వేలాడాయి. లోపలికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు. పొగలో కళ్లు కనపడని స్థితిలో ఆ కేబుళ్లు వాళ్లకు చుట్టుకున్నాయి. ఆ తర్వాత బ్రిటన్ వైరింగ్ నిబంధనలు మారాయి. మంటల్లో కేబుళ్లు ముందే కూలిపడకుండా ఆపులు ఉండాలని 2015లో తప్పించుకునే దారులకు, 2018లో భవనం మొత్తానికి పెట్టారు. మీ కారిడార్లు రోగుల్ని మంచాలతో సహా బయటికి తోసుకెళ్లాల్సిన దారులు. ఆ నిబంధన మనది కాకపోయినా, అందులోని జాగ్రత్త మనకూ పనికొస్తుంది.

ఇప్పుడు ఎర్తింగ్. స్ట్రిప్ రాలేదు కాబట్టి తర్వాత వేస్తామంటారు. సీలింగ్ మూశాక వేయడం ఎంత కష్టమో వాళ్లకూ తెలుసు. అంటే ఇక వేయరు. పౌడర్ కోటింగ్ ట్రేలో ఇంకో చిక్కు ఉంది. ఆ రంగు కరెంటును పోనివ్వదు. కప్లర్ ప్లేటు, నాలుగు బోల్టులు బిగించారు కాబట్టి ట్రే అంతా ఒకటే అనిపిస్తుంది. నిజానికి రంగు మీద రంగు కూర్చుని ఉంటే ప్రతి ముక్కా దేనికదే.

అప్పుడేమవుతుందో చూడు. ఎక్కడో ఒక చిన్న కేబుల్ తొక్క చిరిగి ఫేజు ట్రేకు తగిలింది. ట్రే ఎర్త్‌కు సరిగా కలిసి ఉంటే ఒక్కసారిగా పెద్ద కరెంటు పారి బ్రేకర్ ట్రిప్ అవుతుంది, ఫాల్ట్ ఎక్కడో వెతుక్కుంటాం. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు. లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఆ ట్రే ముక్క మాత్రం 230 వోల్టులతో సీలింగ్ పైన కూర్చుని ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఏసీ నీరు కారుతోందని ఒక కుర్రాడు నిచ్చెన వేసుకుని పైకి తల పెట్టి, నిలదొక్కుకోవడానికి ఆ ట్రేనే పట్టుకుంటాడు. షాక్ కొట్టిందంటే నిచ్చెన మీంచి పడిపోవడం కూడా దాంతోనే.

కాబట్టి ప్రతి జాయింటు దగ్గరా రంగు గీకి శుభ్రమైన లోహానికి రాగి జంపరు వేయించు. జంపరు లగ్గు కింద పళ్ల వాషర్ పెట్టించు. ట్రే పొడవునా జీఐ (జింకు పూసిన ఇనుప) స్ట్రిప్ నడిపించి, మధ్యమధ్యలో ట్రేకు కలిపి, రెండు చివర్లా ఎర్త్ బస్‌బార్‌కు చేర్చాలి. స్ట్రిప్ సైజు డ్రాయింగులో ఉంటుంది, లేకపోతే డ్రాయింగులు ఇచ్చిన కన్సల్టెంటును అడుగు. ఎర్తింగ్‌కు మన ప్రమాణం ఐఎస్ 3043, వైరింగ్‌కు ఐఎస్ 732. భవనం ఎక్స్‌పాన్షన్ జాయింటు (రెండు భాగాలు కదలడానికి వదిలిన సందు) దాటే చోట ట్రేను గట్టిగా బిగించకుండా కదిలే కప్లర్ పెట్టి, దాని మీద కాస్త వదులుగా జంపరు వేయాలి. అయిపోయాక కంటితో చూసి వదిలేయకు. తక్కువ నిరోధం కొలిచే మీటరు తెప్పించి జాయింటు జాయింటూ కొలువు. ట్రేల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61537 ప్రకారం జాయింటు దగ్గర నిరోధం 50 మిల్లీ ఓమ్‌లు దాటకూడదు, జాయింటు లేని చోట మీటరుకు 5 మిల్లీ ఓమ్‌లు దాటకూడదు. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

ఇక పీయూ ఫోమ్. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట అదే.

1975 మార్చి 22న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో, గోడలోంచి కేబుల్ ట్రేలు వెళ్లే చోట గాలి లీకవుతోందేమోనని పనివాళ్లు కొవ్వొత్తి వెలిగించి చూశారు. మంట ఎటు వంగితే అటు గాలి పోతున్నట్టు. ఆ కన్నం నింపింది పాలియురెథేన్ ఫోమ్‌తో, అంటే మీ వాళ్లు వాడిన పీయూ జాతిదే. గాలి మంటను లోపలికి లాగింది, ఫోమ్ అంటుకుంది, ఫోమ్ నుంచి కేబుళ్లు అంటుకున్నాయి. సుమారు ఏడు గంటలు మండింది. దాదాపు 1,600 కేబుళ్లు దెబ్బతిన్నాయి. రియాక్టరును చల్లబరిచే కొన్ని ఏర్పాట్లు కూడా ఆ కేబుళ్లతోనే పోయాయి. అణు కేంద్రాల్లో అగ్ని భద్రత నిబంధనలన్నీ మళ్లీ రాసుకునేలా చేసిన ప్రమాదం అది. మొదలైంది ఒక కేబుల్ కన్నం దగ్గర.

మామూలు పీయూ ఫోమ్ కన్నాన్ని మూసినట్టు కనిపిస్తుంది. మంట వస్తే అదే ముందు మండుతుంది. షాఫ్ట్‌లో అయితే ఇంకా ఘోరం. కింది నుంచి పైదాకా తెరిచి ఉన్న షాఫ్ట్ పొగగొట్టంలా పనిచేస్తుంది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో మంట పుట్టింది. పొగ పై అంతస్తులకు పాకి, మంచాల మీంచి లేవలేని రోగులు ఊపిరాడక చనిపోయారు. దాదాపు 90 మంది. మంట ఉన్నది కింద, ప్రాణాలు పోయింది పైన. మీ ప్యానెల్ రూం కూడా సెల్లార్‌లోనే ఉందని రాశావు కాబట్టి ఇది గుర్తు చేస్తున్నాను.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ సంహిత ఈ విషయంలో సూటిగా చెబుతుంది. కరెంటు కేబుళ్లకు వేరే షాఫ్ట్ ఉండాలి. ఆ షాఫ్ట్‌ను ప్రతి అంతస్తు దగ్గరా, ఆ స్లాబు మంటను ఎంతసేపు ఆపగలదో అంతసేపు ఆపగల పదార్థంతో మూయాలి. నీటి పైపులు, గ్యాస్ పైపులు, టెలిఫోన్ లైన్లు ఆ షాఫ్ట్‌లో ఉండకూడదు. ఆసుపత్రి కాబట్టి ఆక్సిజన్ పైపు ఎటు వెళ్తోందో ప్రత్యేకంగా వెళ్లి చూడు. అది కరెంటు షాఫ్ట్‌లో ఉండకూడదు. కారిడార్‌లో కూడా ట్రేకు తగలకూడదు, ట్రేకు కట్టకూడదు.

కాబట్టి ఫోమ్ అంతా గీకించి తీయించు. దాని బదులు పరీక్ష సర్టిఫికెట్ ఉన్న ఫైర్ స్టాప్ పదార్థం వాడాలి. పెద్ద కన్నాలకు మోర్టారు, కోటింగ్ వేసిన మినరల్ ఊల్ బోర్డులు, దిండ్లలాంటివి ఉంటాయి. కేబుళ్ల చుట్టూ సందులకు సీలెంటు ఉంటుంది. సర్టిఫికెట్‌లో గంటలు మాత్రమే చూసి ఊరుకోకు. ఎంత పెద్ద కన్నం, అందులో ట్రే కూడా ఉందా, కేబుళ్లు ఎంత నిండుగా ఉన్నాయి అన్నది పరీక్ష చేసినప్పటి అమరికతో సరిపోవాలి. కొన్ని పద్ధతుల్లో ట్రేను గోడకు ఇటువైపే ఆపి, కేబుళ్లను మాత్రమే కన్నంలోంచి పంపాలి. కంపెనీ ఇచ్చిన బొమ్మ చూసి అలాగే చేయించు. పైన చిన్న పలక అంటించి తేదీ రాయించు. రేపు ఎవరైనా కొత్త కేబుల్ లాగడానికి దాన్ని పొడిస్తే మళ్లీ మూయాలని తెలియాలి. సీలింగ్‌లో ఆ చోట్ల తెరిచి చూసే చిన్న తలుపులు పెట్టమని సీలింగ్ వాళ్లను ఇప్పుడే అడుగు.

మెయిన్, జనరేటర్, యూపీఎస్ కేబుళ్లు ఒకే ట్రేలో ఉన్న సంగతికి వద్దాం. ఇది ఫోర్‌మన్ తప్పు కాకపోవచ్చు. డ్రాయింగ్ తీసి చూడు. అందులో రెండు ట్రేలు ఉండి ఇక్కడ ఒకటే వేశారా, డ్రాయింగులోనే ఒకటి ఉందా? ఒక ఐసీయూకు మెయిన్ నుంచి ఒక దారి, జనరేటర్ నుంచి ఇంకో దారి ఇచ్చేదే ఒకటి పోతే ఒకటి ఆదుకుంటుందని. రెండూ పక్కపక్కనే పడుకుని ఉంటే ఒక్క మంటకు రెండూ పోతాయి. అప్పుడు అంత ఖర్చు పెట్టి జనరేటర్ కొన్నా లాభం లేదు. ఫైర్ పంపు, లిఫ్టులు, మెట్ల దీపాల కేబుళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక దానికి అంటుకున్న మంట ఇంకో దానికి తగలకుండా వేరు దారిలో వెళ్లాలి. దీన్ని నువ్వూ ఫోర్‌మనూ కూర్చుని తేల్చుకోలేరు, కన్సల్టెంటు నిర్ణయించాలి. నీ పని అది ఆయన కళ్ల ముందు పెట్టడం, రాతపూర్వకంగా.

ట్రే విడిపోతే ఇంకో మేలు కూడా ఉంది. కేబుళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే వేడి బయటికి పోదు. కేటలాగులో ఆ 240 కేబుల్‌కు గాలిలో 400 ఆంపియర్లు అని ఉందనుకో. అది ఒంటరిగా, 40 డిగ్రీల గాలిలో ఉన్నప్పటి మాట. ఆరు కేబుళ్లు ఒకే వరసలో ఆనుకుని ఉంటే సుమారు ముప్పావు వంతే పనికొస్తుంది. సీలింగ్ పైన వేడి 50 డిగ్రీలు ఉంటే ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్‌కు దాన్ని మళ్లీ 0.89తో గుణించాలి. 400 కాస్తా 267కు దిగింది. వరసగా కాకుండా కట్టగట్టి కుప్పేస్తే ఇంకా దిగుతుంది. తొమ్మిది కేబుళ్లు ఒకే కట్టగా ఉంటే సగమే మిగులుతుంది. బ్రేకర్ సెట్టింగ్ ఈ లెక్క చూసి పెట్టారా అని కన్సల్టెంటును అడుగు. డేటా, నర్స్ కాల్ వైర్లు ఆ పవర్ ట్రేలో ఉంటే తీయించి వేరే ట్రేలోకి పంపు.

పౌడర్ కోటింగ్ సంగతి చెబుతానన్నాను. భవనం లోపల, పొడిగా ఉండే చోట, ఎర్తింగ్ జంపర్లు సరిగా ఉంటే అది చాలు. సెల్లార్ ర్యాంపు దగ్గర, మేడ మీద, చిల్లర్లు ఉండే చోట మాత్రం కాదు. మీది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి. అక్కడ వేడి జింకులో ముంచి తీసిన హాట్ డిప్ గాల్వనైజ్డ్ ట్రే వేయాలి. రేకుగా ఉన్నప్పుడే పూత వేసిన మామూలు జీఐ మీద జింకు పొర ఒక్కో వైపు 20 మైక్రాన్లు ఉంటే, రెండు మి.మీ. మందం ఉక్కును హాట్ డిప్ చేస్తే 55 దాకా ఉంటుంది. ఏ ట్రే అయినా సైట్‌లో కోసిన అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి జింకు రంగు పూయాలి. మేడ మీద ఎండకు 30 మీటర్ల ట్రే, 40 డిగ్రీల తేడాకు 14 మి.మీ. దాకా సాగుతుంది కాబట్టి అక్కడ కదిలే కప్లర్ మర్చిపోవద్దు.

సర్దుకుపోదగ్గవి అడిగావు. ట్రే అంగుళం పక్కకు ఉండటం, కేబుళ్ల వరస అందంగా లేకపోవడం, పేర్ల చీటీలు ఇంకా కట్టకపోవడం, కారిడార్‌లో రంగు గీతలు పడటం. వీటి కోసం ఎవరితోనూ గొడవ పడకు.

చివరిది, బాబాయ్ సంగతి. ఆయన చెడ్డవాడని నాకనిపించట్లేదు. పాతికేళ్లుగా అలాగే చేశారు, ఏమీ కాలేదు, అందుకని ధైర్యం. నలుగురి ముందు తప్పు పట్టకు. రేపు పొద్దున పని మొదలవకముందు టీ తాగుతూ ఆయన్ని ఒక్కడినే తీసుకెళ్లి మూడో అంతస్తు కారిడార్ చూపించు. ‘బాబాయ్, ఈ యాంకర్లు ఎంత మోస్తాయో ఒకసారి లాగి చూద్దామా’ అని అడుగు. ఆయన అనుభవం అడిగినట్టే ఉంటుంది, పరీక్షా జరుగుతుంది. ఫోమ్ ముక్క ఒకటి తీసుకెళ్లి బయట ఖాళీ స్థలంలో, పొగ పీల్చకుండా దూరంగా నిలబడి, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని అంటించి చూపించు. నేను మాటలతో చెప్పినదంతా ఆయనకు అక్కడ కనపడుతుంది.

కొత్త సపోర్టులు వేసేటప్పుడు మనుషుల్ని స్టూలు మీద స్టూలు పెట్టి ఎక్కనివ్వకు. చక్రాలకు బ్రేకులున్న మొబైల్ స్కాఫోల్డ్, బెల్టు, హెల్మెట్, ట్రే అంచులకు చేతులు తెగకుండా తొడుగులు ఉండాలి. ఇప్పటికే కరెంటు ఇచ్చిన కేబుల్ ఏదైనా ఆ ట్రేలో ఉంటే ప్యానెల్ దగ్గర ఆపి, తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకున్నాకే పని.

ఇదంతా ఒక పేజీ ఉత్తరంగా రాసి, ఫొటోలతో కన్సల్టెంటుకూ కాంట్రాక్టరుకూ ఇద్దరికీ ఒకేసారి మెయిల్ చెయ్యి. ‘ఈ నాలుగూ సరిచేసి, కొలిచి చూపించాక ఆ భాగానికి సీలింగ్ అనుమతి ఇస్తాను’ అని రాయి. మొత్తం భవనం ఆపమని అడగకు. అంతస్తులో ఏ భాగం సిద్ధమైతే ఆ భాగం మూసుకోమను, అప్పుడు సీలింగ్ వాళ్లకూ పని ఆగదు, నీ మాటకూ విలువ ఉంటుంది. భవనం 15 మీటర్లు దాటింది కాబట్టి కరెంటు ఇచ్చే ముందు విద్యుత్ తనిఖీ అధికారి వస్తారు, అప్పుడు ఆయనే చూస్తారులే అనుకోకు. ఆయన వచ్చేసరికి సీలింగ్ మూసి ఉంటుంది. మూయకముందు దాన్ని చూడగలిగే స్థితిలో ఉన్నది నువ్వే.

లోడ్ చార్టు చేతికొస్తే, షాఫ్ట్‌లో పైబెండు దగ్గర తీసిన ఫొటోతో కలిపి నాకు పంపు. సోమవారంలోపు చూసి చెబుతాను.